గుడ్డపీలికల సంచీ

పెళ్ళయినప్పటి నుంచీ మొన్నమొన్నటి దాకా నాకంటూ ఒక ప్రయాణపు సంచీ ఉండేది కాదు. ప్రయాణాలు చెయ్యక కాదు. జంషెడ్‌పూర్‌లో కాపురమున్న తెలుగువాళ్ళకి శ్రీకాకుళం వైపు రైలెక్కక తప్పదు. పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ దినాలకీ అన్నిటికీ వెళ్ళాను. కానీ నా బట్టలు ఎప్పుడూ ఇంకొకరి సూట్‌కేసులోనే వెళ్ళేవి. మా ఆయన చొక్కాలు సర్దగా మిగిలిన మూల నా చీరలు, అమ్మాయి పుస్తకాల సందున నా జాకెట్లు. దువ్వెన కావాలంటే ముగ్గురి సామానూ కెలకాలి. అందరి సామానూ సర్దేది నేనే కాబట్టి నాకు మిగిలేది ఆ మూలే.

నేను కాసిడీహ్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతాను. పోయిన చలికాలం సెలవుల్లో మా టీచర్లం ఆడవాళ్ళమే కలిసి నేతర్‌హాట్ కొండల మీదికి వెళ్దామనుకున్నాం. మొగుళ్ళు లేరు, పిల్లలు లేరు. ఆ మాట అనుకున్న రోజునే నా సంచీ నేనే కుట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. కొనుక్కోవచ్చు కదా అని అందరూ అన్నారు. కొనుక్కోవచ్చు. కుట్టుకోవాలనిపించింది, అంతే. చిన్నప్పటి నుంచీ మిషను తొక్కుతున్నాను. లంగాలు, గలేబులు, కర్టెన్లు, అమ్మాయి బడి నాటకాలకి రాణి వేషాలు, అన్నీ కుట్టాను. అందులో ఒక్కటీ నా సరదా కోసం కుట్టింది కాదు.

ఫోన్లో చూశాను ఆ సంచీని. చిన్న చిన్న ముక్కోణాలు వరసలుగా కలిపి కుట్టిన పెద్ద సంచీ, గుండ్రటి చివరలు, పొడవాటి జిప్పు, భుజానికి తగిలించుకునే పట్టీ. ఎవరో విదేశాల ఆవిడ దాని ప్యాటర్న్ అమ్ముతోంది. బాగా అనుభవం ఉన్నవాళ్ళకి మాత్రమే అని పైనే రాసింది. ఆ మాట చూశాక ఇక ఆగలేదు. మా అమ్మాయి చేత డబ్బు కట్టించి ఫోన్లోకి తెప్పించాను.

మొదటి కోపం సాక్చీ బజార్లో ప్రింట్లు తీసే కొట్టులోనే వచ్చింది. ప్యాటర్న్ మొదటి పేజీలో ఒక చిన్న చదరం ఉంటుంది. ప్రింటు తీశాక దాన్ని కొలిస్తే సరిగ్గా అంగుళం రావాలి. నేను స్కేలు పట్టుకునే వెళ్ళాను. కొలిస్తే తక్కువొచ్చింది. కంప్యూటర్ కాగితానికి సరిపెట్టడం కోసం బొమ్మని కుదించేసింది. మళ్ళీ తియ్యమన్నాను. అతను స్కేలు వంకా నా వంకా చూసి, "ఆంటీజీ, ఇత్‌నే సే క్యా హోతా హై?" అన్నాడు. ఇంత చిన్న తేడాకి ఏమవుతుందట. అంగుళానికి ఆ తేడా అయితే సంచీ పొడుగునా ఎంత తేడానో, దానికి గుండ్రటి చివర ఎందుకు అతకదో అతని కౌంటరు మీదే కాగితం పెట్టి లెక్క వేసి చూపించాను. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను. మొత్తం మళ్ళీ తీయించుకునే కదిలాను.

పాత బట్టలు వాడలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ముక్కల పని అనగానే అందరికీ చిరుగుల బొంతే గుర్తొస్తుంది. నీలం, ఆవపిండి రంగు, తెలుపు, ఇటుక రంగు, అన్నీ కొత్త నూలు గుడ్డలు, నేను ఏరి కొనుక్కున్నవి. సంచీ తనంతట తాను నిలబడడానికి లోపల పల్చటి ఫోమ్ వెయ్యమంది ప్యాటర్న్. అది ఇక్కడ దొరకదు. చివరికి గోల్‌మురిలో కార్ల సీట్లు కుట్టే కొట్టులో, కారు కప్పుకి లోపల అతికించే ఫోమ్ గుడ్డ సరిపోతుందని తోచింది. ఏ బండికి అని అడిగాడు కొట్టతను. సంచీకి అంటే నవ్వాడు, కానీ కొలిచి ఇచ్చాడు.

ఇక ముక్కోణాలు. గుడ్డని నిలువుగానో అడ్డంగానో కోస్తే మాట వింటుంది. ఐమూలగా కోస్తే పట్టుకున్నప్పుడల్లా సాగుతుంది. ముక్కోణంలో ఒక అంచైనా ఐమూలగా రాక తప్పదు. ఒక పెద్ద ముక్కోణానికి రెండు పక్కలా రెండు చిన్నవి కుట్టాలి, కుట్టాక పైన మొన సూదిలా నిలవాలి. కుట్టు ఒక దారం మందం పక్కకి జరిగితే మొన లోపలికి పోయి మొండిగా తయారవుతుంది. నావి చాలా మొండిగా తయారయ్యాయి. విప్పి మళ్ళీ కుట్టాను. విప్పినప్పుడల్లా గుడ్డ ఇంకాస్త సాగేది. అప్పుడు పారేసి కొత్తది కోసేదాన్ని.

సిద్ధగోరాలో మా ఇల్లు చిన్నది. కొయ్యడానికి భోజనాల బల్ల తప్ప వేరే చోటు లేదు. వరసలు తప్పకుండా ముక్కలన్నీ పేర్చుకున్నాక మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేవారు.

"ఏటి, ఇంకా ఈ పీలికలేనా? అన్నం ఎక్కడ తినమంటావు?"

ముక్కలన్నీ పళ్ళెంలోకి ఎత్తేదాన్ని. ఆయన తిని లేచాక తుడిచి మళ్ళీ పేర్చేదాన్ని. ఆయన చెడ్డవారు కాదు. నన్ను కుట్టొద్దని ఏనాడూ అనలేదు. ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఇంజనీరు ఆయన. వెంట్రుకవాసి తేడా ఉన్నా లాటంతా వెనక్కి పంపేశానని ఇంటికొచ్చి గర్వంగా చెప్పేవారు. అదే మనిషికి నా బల్ల మీదున్నవి గుడ్డపీలికలు. నా కడుపు మండేది అక్కడే.

అన్నిటికన్నా కష్టం గుండ్రటి చివరలు అతకడం. అక్కడ ముక్కల గుడ్డ, ఫోమ్, లోపలి గుడ్డ, అంచు తాడు, పట్టీ అన్నీ ఒకేచోట కలుస్తాయి. నా మిషను మోటారు మూలిగింది. సూది విరిగి ముక్క కళ్ళద్దాలకి తగిలింది. లావు సూది వేసి, మోటారు ఆపేసి, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టే వేసుకుంటూ వచ్చాను. ఒక చివర అతికింది. రెండోది కూడా అతికాక, లోపలివైపు పైకి పెట్టి కుట్టిన సంచీని తిరగెయ్యబోయి చూస్తే జిప్పు మూసి ఉంది. లోపలి నుంచి తెరవడానికి చెయ్యి దూరదు. జిప్పు తెరిచి ఉంచమని ప్యాటర్న్‌లో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. చదివాను కూడా. అంత కష్టపడి వేసిన కుట్లు సగం విప్పాల్సొచ్చింది. ఆ రోజు నా మీద నాకే వచ్చిన కోపానికి వంట కూడా చెయ్యలేదు.

చివరికి తయారైంది. బల్ల మీద పెడితే ఎవరూ పట్టుకోకుండా నిలబడింది. ముక్కోణాల మొనలు, ఒకటి రెండు తప్ప, సూదుల్లా ఉన్నాయి. మా అమ్మాయి ఫోటోలు తీసి స్నేహితులకి పంపింది. మా ఆయన చుట్టూ తిరిగి చూసి, జిప్పు లాగి చూసి, "బాగానే ఉన్నాది. బజార్లో కూడా ఇలాటివి దొరుకుతున్నాయి ఇప్పుడు," అన్నారు. దొరకవు అన్నాను. టీవీ పెట్టుకున్నారు.

సెలవులకి ముందు మా ఆడపడుచు వచ్చింది. మా ఆయనకి చెల్లెలు. ఇచ్ఛాపురంలో భార్యాభర్తలిద్దరూ కిరాణా కొట్టు నడుపుతారు. కొట్టు వదిలి ఎక్కడికీ కదలదు, ఎన్నేళ్ళకో వచ్చింది. ఉన్నన్నాళ్ళూ సరదాగానే గడిచింది. సాక్చీలో పెద్ద కుక్కరు కొనుక్కుంది. ఆమె తిరిగి వెళ్ళే రోజు నాకు బడిలో పరీక్షలు, సెలవు దొరకలేదు. పొద్దున్నే బొట్టు పెట్టి చీర చేతికిచ్చి వెళ్ళాను. ఆమె బండి సాయంత్రం, ఖరగ్‌పూర్‌లో మారాలి.

బడి నుంచి వచ్చేసరికి మా మంచం మీద నా బట్టలు కుప్పగా పడి ఉన్నాయి. నేతర్‌హాట్ కోసం నేను సంచీలో సర్దుకున్నవి. స్వెట్టరు, శాలువా, లోపలి బట్టలతో సహా, అన్నీ. కొబ్బరినూనె సీసా మూత ఊడి దుప్పటి మీద మరక పడింది. బీరువా అడుగున సంచీ లేదు.

మా అమ్మాయి తన గదిలో చదువుకుంటోంది. సంచీ ఏదని అడిగాను. తల ఎత్తకుండానే, "పాపా నే బువా కో దే దియా," అంది. నాన్న అత్తకి ఇచ్చేశారట. అత్త సూట్‌కేసు జిప్పు ఊడిపోయిందట. నువ్వెందుకు చెప్పలేదని అడిగితే, "ముఝే లగా ఆప్‌నే బోలా హోగా," అంది. నేనే చెప్పి ఉంటాననుకుందట. అది కూడా సహజమే. ఇంట్లో నావి ఇవ్వడానికి నన్ను అడగక్కర్లేదని అందరికీ తెలుసు.

చీర మార్చుకోలేదు, నీళ్ళు తాగలేదు. స్కూటీ తీసి స్టేషన్‌కి బయల్దేరాను. జుగ్సలాయి దగ్గర లారీలు అడ్డం పడ్డాయి. హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. టాటానగర్ స్టేషన్‌లో స్కూటీ పెట్టి, ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని, వంతెన ఎక్కి దిగేసరికి బండి ఇంకా రాలేదు. బెంచీ మీద అన్నాచెల్లెళ్ళు టీ తాగుతున్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర నా సంచీ. కుక్కరు అందులోనే కుక్కేశారు. దాని పిడి ముక్కల గుడ్డని లోపల్నుంచి పొడుస్తోంది.

ఆడపడుచు నన్ను చూసి నవ్వింది. "ఇంత దూరం ఎందుకొచ్చీసేవు వదినా? పొద్దున్న చెప్పుకున్నాం కదా."

"నా సంచీ కోసం వచ్చాను," అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. "నువ్వే ఇచ్చేవట కదా. ఎంత బాగున్నాదో. ఇందాకే ఒకావిడ ఎక్కడ కొన్నారని అడిగింది."

"నేనివ్వలేదు."

ఆమె అన్నగారి వంక చూసింది. ఆయన సిగ్నలు వంక చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంటికాడ మాట్లాడుకుందాం. జనాలున్నారు," అన్నారు.

"ఇంటి దగ్గర మాట్లాడుకునేటప్పటికి సంచీ ఖరగ్‌పూర్‌లో ఉంటుంది."

"దాని సూట్‌కేసు పాడైపోయింది. ఏటి చెయ్యమంటావు మరి? చేతికందింది ఇచ్చేను. నీకు కుట్టు వచ్చును కదా, మళ్ళీ కుట్టుకో."

మళ్ళీ కుట్టుకో. ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నారంటే, మళ్ళీ టీ పెట్టు అన్నట్టు అన్నారు. అప్పటిదాకా నెమ్మదిగానే మాట్లాడాను. ఇక నా వల్ల కాలేదు. గొంతు ఎంత లేచిందో నాకే తెలియలేదు. నా బట్టలు మంచం మీద పోసి, నా సంచీ ఎత్తుకెళ్ళిపోవడానికి మీకు చేతులెలా వచ్చాయి అని అడిగాను. మీ ఆఫీసు బ్యాగ్ ఇవ్వకపోయారా అన్నాను. మీరు దుకాణంలో ఒక సంచీ కొని ఇచ్చుంటే నేనేమైనా అనేదాన్నా అన్నాను. పక్క బెంచీ వాళ్ళు లేచి నిలబడి చూశారు. ఒక పోర్టరు ఆగాడు. తెలుగులో అరుస్తున్నాను కాబట్టి ఎవరికీ అర్థం కాదని కాసేపు ధైర్యంగా ఉంది. తర్వాత హిందీలో కూడా అరిచాను.

ఆయన మొహం ఎర్రబడింది. "గుడ్డపీలికల సంచీకి ఇంత రాద్ధాంతమా?"

ఆడపడుచు టీ గ్లాసు కింద పెట్టింది. "అన్నియ్యా, వదినే తీసుకెళ్ళమన్నాదని చెప్పేవు నాతోటి."

"అడిగితే కాదంటాదేటి అనుకున్నాను."

"అయితే అడగవలసింది."

ఆమె ప్లాట్‌ఫారం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని జిప్పు తెరిచింది. కుక్కరు తీసి పక్కన పెట్టింది. రైల్లో కప్పుకోడానికి తెచ్చుకున్న దుప్పటి పరిచి, చీరలు, తువ్వాళ్ళు, పిల్లలకి కొన్న స్వెట్టర్లు అన్నీ అందులోకి తీసింది. ఎక్కడా విసురు లేదు. ఆయన వంగి ఆపబోతే చెయ్యి తోసేసింది. దుప్పటి నాలుగు కొసలూ కలిపి మూట కట్టి, ఖాళీ సంచీ దులిపి, జిప్పు వేసి నా చేతికిచ్చింది.

"నాకు తెలీదు వదినా," అంది.

"నీ మీద కాదమ్మా నా కోపం," అన్నాను.

అప్పుడు కూడా నేను, పోనీలే తీసుకెళ్ళు అనలేదు. విన్నవాళ్ళు చాలామంది ఇక్కడే మొహం చిట్లిస్తారు. అంతదాకా వచ్చాక పెద్దమనసుతో ఇచ్చెయ్యాల్సింది అంటారు. ఇచ్చేస్తే ఆయన చేసింది ఒప్పయిపోతుంది. నా పెద్దమనసుతో ఈ ఇంట్లో చాలామంది చాలా పనులు చక్కబెట్టుకున్నారు. ఆ రోజు నా దగ్గర లేదు, అంతే.

బండి వచ్చింది. ఆమె మూటని చంకన పెట్టుకుని, కుక్కరు చేత్తో పట్టుకుని ఎక్కింది. పెట్టెలో ఎవరో కుర్రవాళ్ళు మూట చూసి నవ్వితే, ఆమె వాళ్ళని ఒడియాలో ఏదో అంది, వాళ్ళు జరిగి చోటిచ్చారు. బండి కదిలేదాకా నిలబడ్డాను. ఆయన అంతకు ముందే బయటికి వెళ్ళిపోయారు.

ఇంటికెళ్ళాక ఆయన అన్న మొదటి మాట, "నలుగుర్లో నా పరువు తీసీసేవు," అని. నేను ప్యాటర్న్ కాగితాలన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. మళ్ళీ కుట్టుకో అన్నారు కదా, ఒక్క వరస కుట్టి చూపించండి, నేను పరువు గురించి మాట్లాడతాను అన్నాను. ఆయన కాగితాలు పక్కకి నెట్టి, చెల్లెలికి సాయం చెయ్యడం కూడా తప్పేనా అన్నారు. చెల్లెలికి సాయం చెయ్యడం తప్పు కాదు. అబద్ధం చెప్పి, నా వస్తువుతో చెయ్యడం తప్పు. ఈ ముక్క ఎన్ని విధాలుగా చెప్పినా ఆయన చెల్లెలి దగ్గరే ఆగిపోయారు. కొన్నాళ్ళు మా మధ్య అన్నం, మందులు, కరెంటు గురించి తప్ప మాటల్లేవు. మా అమ్మాయి "బస్ కరో మమ్మీ, బ్యాగ్ హీ తో హై," అంది ఒకసారి. సంచీయే కదా, ఇక చాలించమని. నీ ల్యాప్‌టాప్ మీ నాన్న ఎవరికైనా ఇచ్చినప్పుడు ఈ మాట గుర్తు చేస్తానన్నాను. ఆ తర్వాత మళ్ళీ అనలేదు.

కుక్కరు పిడి తగిలినచోట రెండు ముక్కోణాల మధ్య కుట్టు సాగింది. లోపలి నుంచి బిగించి కుట్టుకున్నాను. నేతర్‌హాట్ వెళ్ళాను. చలి బాగా ఉంది. సంచీ బాగుందని అందరూ అన్నారు. నేను పెద్దగా సంతోషించలేకపోయాను. ఎవరు దాని వంక చూసినా నాకు స్టేషనే గుర్తొచ్చేది.

అక్కడి నుంచి తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం ఆడపడుచు ఫోన్ చేసింది. వెనకాల కొట్టులో ఎవరో కందిపప్పు అడుగుతున్నారు.

"కోపం తగ్గిందేటి వదినా?"

"లేదు."

"తగ్గనీకు," అంది. కందిపప్పు తూచి ఇచ్చి మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. "నీకు చెప్పలేదు కదా. నాను హైస్కూల్లో చేరినప్పుడు మా నాన్న నాకు సైకిలు కొన్నాడు. ఆకుపచ్చది. మా ఈధిలో ఆడపిల్లకి సైకిలున్నాదంటే నాకే. ఒకనాడు పాలకెళ్ళొచ్చి చూత్తే లేదు. అన్నియ్య స్నేహితుడెవడికో ఉద్యోగం దొరికితే, దూరమని ఇచ్చీసేడట. నాను ఏడిత్తే, ఆడపిల్లకి అంత పీనాసితనం ఏటని మా అమ్మే తిట్టింది. అప్పట్నుంచి బడి మానీసేదాకా నడిచే ఎల్లేను."

"నువ్వేమీ అనలేదా మీ అన్నయ్యని?"

"ఏటంటాను? అన్నియ్య కదా. మొన్న టేసన్ కాడ నువ్వు అరుత్తుంటే నాకు సిగ్గేసింది. బండెక్కినాక సిగ్గు పోయింది. మూట మీద తల పెట్టుకుని, ఆ సైకిలు గురించే అనుకుంటూ కూకున్నాను."

ఇంకెవరో కొట్టుకొచ్చారు. మళ్ళీ చేస్తానని పెట్టేసింది.

నేనెప్పుడూ చూడని ఆ ఆకుపచ్చ సైకిలుని తలుచుకుంటే నాకు మళ్ళీ మొదట్నుంచీ కోపం వచ్చింది. సాయంత్రం ఆయన వచ్చి చొక్కా విప్పుతుంటే అడిగాను, మీ చెల్లెలి సైకిలు ఎవరికిచ్చారని.

ఆయన నిజంగానే ఆలోచించారు. చొక్కా చేతిలో పట్టుకుని, గోడ వంక చూస్తూ, చాలాసేపు.

"ఏ సైకిలు?" అన్నారు.